అమ్మ ఆరు రోజులున్న శ్రీకాకుళం ఐసీయూ: ఒక నర్సు సమీక్ష

శ్రీకాకుళం పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా అమ్మ ఆరు రోజులు ఐసీయూలోనూ, మూడు రోజులు వార్డులోనూ ఉండి ఇంటికి వచ్చింది. నేను ఇదే జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. అంతకుముందు విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఐసీయూలో 2004 నుంచి 2009 వరకు పనిచేశాను. అందువల్ల ఆ తొమ్మిది రోజులూ కూతురిగా భయపడుతూనే నర్సుగా ప్రతిదీ గమనించాను. మెచ్చుకోవలసినవీ తప్పుపట్టవలసినవీ రెండూ చెప్పబోతున్నాను కనుక ఆసుపత్రి పేరు రాయడం లేదు. మన వైపు ఎవరికైనా జబ్బు ముదిరితే నలుగురూ అనే మొదటి మాట "విశాఖ తీసుకుపోండి" అన్నదే. వంద కిలోమీటర్ల పైచిలుకు దారిలో పోయే సమయం గురించి మాట్లాడేవారు తక్కువ. ఇక్కడే ఉండాలా, బయలుదేరాలా అన్నది తెల్లవారుజామున ఆసుపత్రి గుమ్మంలో నిలబడి తేల్చుకోవలసి వచ్చే కుటుంబాలకు, ఒక ఐసీయూలో ఏమేం చూడాలో తెలియాలని ఇది రాస్తున్నాను.

అమ్మకు 68 ఏళ్లు, 52 కిలోల బరువు, పదిహేనేళ్లుగా షుగరు. నరసన్నపేట దగ్గర మా పల్లెలో మూడు రోజులు జ్వరంతో, మూత్రంలో మంటతో బాధపడుతూనే ఇంటిపనులు చేసుకుంది. నాలుగో రోజు సాయంత్రం మావయ్య దగ్గరలోని ఒక నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళితే, రెండు సెలైన్ బాటిళ్లూ ఒక ఇంజెక్షనూ ఇచ్చి, పరీక్షలు పొద్దున్న చేద్దామని పడుకోబెట్టారు. రాత్రంతా బీపీ ఒక్కసారి కూడా చూడలేదు. తెల్లవారుజామున నాలుగింటికి నేను చేరేసరికి అమ్మ చేతులు చల్లబడి ఉన్నాయి, మోకాళ్ల మీద చర్మం మచ్చలు మచ్చలుగా కమిలినట్టుంది, నన్ను చూసి "ఎవులమ్మా నువ్వు" అని అడిగింది. 108కి ఫోన్ చేశాం. 5 గంటల 10 నిమిషాలకు శ్రీకాకుళం ఆసుపత్రి క్యాజువాలిటీలో ఉన్నాం.

స్ట్రెచరు లోపలికి వెళ్లిన ఐదు నిమిషాల్లోనే బీపీ, నాడి, శ్వాస, శాచురేషన్, జ్వరం, షుగరు, స్పృహ అన్నీ ఒకే కాగితం మీదికి ఎక్కాయి. బీపీ 78/40 ఉంది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ వయసులో చిన్నదే అయినా తడబడకుండా, మూత్రంలోని ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి సెప్టిక్ షాక్ (ఇన్‌ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయి అవయవాలకు రక్తం అందని స్థితి) వచ్చి ఉంటుందని చెప్పి, జేబులోంచి ల్యాబులో వాడే గాజు స్లైడు ఒకటి తీసింది. దాన్ని అమ్మ కుడిచేతి చూపుడువేలి కొస మీద తెల్లబడేదాకా అదిమి, పది సెకన్లు అలాగే పట్టుకుని వదిలి, గోడ గడియారం చూస్తూ పైకి లెక్కపెట్టింది. తెల్లబడిన చోట రంగు తిరిగి రావడానికి ఏడు సెకన్లు పట్టింది. మూడు సెకన్లలోపు రావాలి. ఆ తరువాత ప్రతి అరగంటకూ ఎవరో ఒకరు వచ్చి ఆ స్లైడును అలాగే అదిమి, వచ్చిన సెకన్లను గంట పక్కన రాసి వెళ్లారు. ఏడు, ఆరు, ఐదు, మళ్లీ ఐదు, నాలుగు. ఆ వరుస ఇప్పటికీ నాకు నోటికి వస్తుంది, ఎందుకంటే ఆ ఉదయం నేను దేవుడి పేరు తలవడం మాని ఆ అంకెలనే తలుచుకున్నాను.

ఇది నాటుపద్ధతి కాదు. దక్షిణ అమెరికాలోని ఐదు దేశాల్లో 28 ఆసుపత్రులు 424 మంది సెప్టిక్ షాక్ రోగుల మీద జరిపిన అధ్యయనం 2019లో వెలువడింది. ఒంటికి రక్తం సరిగా అందనప్పుడు రక్తంలో పెరిగే లాక్టేటు ఎంత తగ్గుతోందో చూస్తూ చికిత్స చేసిన వారిలో 28 రోజుల్లో 43.4 శాతం మంది మరణించారు. ఇలా వేలికొస రంగును చూస్తూ చికిత్స చేసిన వారిలో 34.9 శాతం మంది మరణించారు. ఆ తేడా గణాంకశాస్త్రం కోరే హద్దును కొద్దిలో అందుకోలేదు కనుక రంగు చూడటమే మెరుగని గట్టిగా అనలేం. అయినా గంటగంటకూ లాక్టేటు చేయలేని ఊళ్లో, ఒక గాజుముక్కనూ ఒక గడియారాన్నీ నమ్ముకుని రోగిని కనిపెట్టి ఉండటానికి అది చాలినంత ఆధారం. నా ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో ఎందరి గోళ్లనో నొక్కి చూశాను గాని, ఎంతసేపు నొక్కాలో, ఎన్ని సెకన్లు లెక్కపెట్టాలో, ఎంతకోసారి చూడాలో ఒక కొలత ప్రకారం ఏనాడూ చేయలేదు.

ద్రవాల విషయంలో వారి జాగ్రత్త ఇంకా నచ్చింది. సెప్టిక్ షాక్‌కు మొదటి మూడు గంటల్లో కిలోకు 30 మిల్లీలీటర్ల చొప్పున ద్రవం ఇవ్వాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తాయి. అమ్మ బరువుకు అది 1,560 మిల్లీలీటర్లు. వాళ్లు అంతా ఒకేసారి గుమ్మరించకుండా 500 చొప్పున రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ఇచ్చి, ప్రతి బాటిలు తరువాతా ఊపిరితిత్తుల అడుగున శబ్దం విని, స్లైడు అదిమి చూసి, ఆ తరువాతే రెండోది తగిలించారు. ఇంత నిదానం ఎందుకని అడిగితే డాక్టరమ్మ జాంబియా పేరు చెప్పింది. 2017లో వెలువడిన ఆ అధ్యయనంలో 212 మంది సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌తో అవయవాలు దెబ్బతినే స్థితి) రోగులను తీసుకుని, ద్రవాలూ బీపీ మందులూ త్వరగా ఎక్కువగా ఇచ్చే పద్ధతిని మామూలు చికిత్సతో పోల్చి చూశారు. ఎక్కువ ఇచ్చిన వారిలో 48.1 శాతం మంది ఆసుపత్రిలోనే మరణిస్తే, మామూలు చికిత్స పొందిన వారిలో 33 శాతం మంది మరణించారు. అక్కడి రోగుల్లో అత్యధికులకు హెచ్ఐవీ ఉంది, రక్తహీనత ఉంది, ఊపిరి ఆడకపోతే వెంటిలేటర్ దొరకడం కష్టం. "మన వాళ్లు వాళ్లలాంటి వాళ్లూ కాదు, అమెరికా వాళ్లలాంటి వాళ్లూ కాదు మేడమ్, అందుకే బాటిలు బాటిలుకీ ఆగి చూస్తాం" అంది. ఉద్దానం వైపు నుంచి కిడ్నీలు దెబ్బతిన్న వారు తరచుగా వచ్చే జిల్లాలో ఈ మాట అనగలిగిన డాక్టరు నాకు చాలా విలువైన మనిషిగా తోచింది. రెండో బాటిలు సగంలో ఉండగానే బీపీ పెంచే నోరాడ్రినలిన్‌ను చేతి నరం నుంచే మొదలుపెట్టారు. మెడలోని పెద్ద నరంలోకి మందుల పైపు వేసేదాకా ఆగలేదు. ఆగవలసిన అవసరం లేదని మార్గదర్శకాలు 2021 నుంచి చెబుతూనే ఉన్నాయి.

ఇక్కడే ఒక పెద్ద లోపం కూడా చెప్పాలి. ఏ సూక్ష్మజీవో తేల్చే కల్చరు పరీక్షకు రక్తం పదిహేను నిమిషాల్లో తీశారు, యాంటీబయాటిక్ పేరు వెంటనే రాశారు, కానీ మొదటి డోసు అమ్మ నరంలోకి వెళ్లేసరికి 6 గంటల 35 నిమిషాలైంది. కింద మందుల కౌంటరులో ముందు అడ్వాన్సు కట్టి, రసీదు చూపిస్తేనే ఇంజెక్షన్ చేతికిచ్చారు. తెల్లవారుజామున అక్కడ ఉన్నది ఒక్కడే కుర్రాడు. మేము వచ్చింది మొదలు 85 నిమిషాలు. షాక్‌లో ఉన్న రోగికి గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. న్యూయార్క్ రాష్ట్రంలో 149 ఆసుపత్రుల్లోని 49,331 మంది రోగుల వివరాలతో 2017లో వచ్చిన అధ్యయనంలో, ఆలస్యమైన ప్రతి గంటకూ మరణావకాశాల నిష్పత్తి 4 శాతం చొప్పున పెరిగింది. పైన గాజుముక్కతో సెకన్లు లెక్కపెడుతుండగా కింద రసీదు కోసం నిమిషాలు పోవడం నన్ను ఎంత బాధపెట్టిందో మాటల్లో చెప్పలేను. డాక్టర్లకు తెలిసిన విషయం కౌంటరులోని కుర్రాడి దాకా దిగిరాలేదన్నమాట.

ఐసీయూలో ప్రతి మంచం పాదాల వైపు అట్టకు బిగించిన పసుపు కాగితం ఒకటి వేలాడుతుంది. ఆ ఐసీయూ గొప్పతనమంతా నాకు ఆ కాగితంలోనే కనిపించింది. తలవైపు 30 డిగ్రీలు ఎత్తి ఉందా, మూత్రపు పైపు ఇవాళ కూడా అవసరమా, మెడలోని పైపు అవసరమా, మత్తుమందు ఇవాళ ఎంతసేపు ఆపి చూశారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్ పడిందా, యాంటీబయాటిక్ ఇది ఎన్నో రోజు, ఎప్పుడు ఆపుతారు, ఇలా పన్నెండు వరుసలున్నాయి, అన్నీ తెలుగులోనే. షిఫ్టు మారేటప్పుడు ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకి, రాత్రి ఎనిమిదికి సిస్టర్ గారు వాటిని పైకి చదువుతారు, డాక్టరు జవాబు చెబుతారు, సిస్టర్ టిక్కు పెడతారు. చివరి గడి "ఎందుకు" అన్నది. అందులో ప్రతి వరుసకూ ఎదురుగా ఆ నియమం ఏ అధ్యయనం నుంచి, ఏ సంవత్సరంలో వచ్చిందో ఒక్క ముక్కలో ఉంటుంది. కాగితం అడుగున చివరిసారి సవరించిన తేదీ ఉంటుంది. ఇలాంటి జాబితాలు చాలా చోట్ల గోడల మీద చూశాను, నేనే అతికించాను కూడా. ఎందుకన్నది రాసిన జాబితాను మాత్రం మొదటిసారి చూశాను.

ఆ గడి నాకెందుకు అంత ముఖ్యమో చెప్పాలంటే షుగరు సంగతి చెప్పాలి. 2001లో బెల్జియంలోని ల్యూవెన్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. ఐసీయూలో ఉన్న 1,548 మంది శస్త్రచికిత్స రోగుల్లో రక్తంలో షుగరును 80 నుంచి 110 మధ్య గట్టిగా అదుపు చేసిన వారిలో ఐసీయూ మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయని అందులో తేలింది. ఆ ఒక్క ఫలితం చూసి ప్రపంచంలో చాలా ఐసీయూలు ఆ పద్ధతికి మారాయి, మేము పనిచేసిన విశాఖ ఐసీయూ కూడా మారింది. గంటగంటకూ వేలు గుచ్చి, ఇన్సులిన్ డ్రిప్పు పెంచుతూ తగ్గిస్తూ రాత్రంతా తిరిగేవాళ్లం. ఒక రాత్రి ఐదో నంబరు మంచంలో ఒక పెద్దాయన చెమటతో తడిసి ముద్దయి పిలిస్తే పలకలేదు. గ్లూకోమీటరులో 34 వచ్చింది. డెక్స్‌ట్రోజ్ ఎక్కించాక కళ్లు తెరిచారు గాని, ఆ డ్రిప్పు పెంచిన చేయి నాదే. 2009లో 6,104 మంది మీద చేసిన చాలా పెద్ద అధ్యయనం వచ్చింది. షుగరును 81 నుంచి 108 మధ్య బిగించిన వారిలో 90 రోజుల్లో 27.5 శాతం మంది మరణించారు, 180 లోపు ఉంటే చాలని వదిలిన వారిలో 24.9 శాతం మంది మరణించారు. షుగరు ప్రమాదకరంగా పడిపోవడం మొదటివారిలో 6.8 శాతం, రెండోవారిలో 0.5 శాతం. మంచిదని నమ్మి చేసిన పనే మనుషులను తీసుకుపోయిందన్నమాట. ఆ ఏడాది నేను ప్రభుత్వోద్యోగానికి వచ్చేసేనాటికి కూడా మా గోడ మీది పాత కాగితం అలాగే ఉంది. ఎందుకు పెట్టామో ఎవరికీ గుర్తులేని నియమాన్ని ఎప్పుడు తీసేయాలో కూడా ఎవరికీ తెలియదు.

అమ్మ కాగితంలో షుగరు వరుస ఎదుట 180 దాటితేనే ఇన్సులిన్ మొదలు, 140 కంటే కిందికి దించవద్దు అని ఉంది. ఎందుకన్న గడిలో 2009 అని ఉంది. అది చదివి చాలాసేపు ఆ మంచం దగ్గరే నిలబడిపోయాను.

మూడో రోజు రక్తం గొడవ వచ్చింది. అమ్మ హిమోగ్లోబిన్ 7.6కు దిగింది. మావయ్య ఎవరినీ అడగకుండానే ఊళ్లోని ఇద్దరు కుర్రాళ్లకు ఫోన్ చేస్తే, వాళ్లు పొలం పని ఆపుకుని మోటారుసైకిలు మీద వచ్చేశారు. పెద్ద డాక్టరు గారు రక్తం అవసరం లేదన్నారు. మావయ్యకు కోపం వచ్చింది. "రత్తం తక్కువుందని మీరే సెప్తారు, ఇత్తామంటే ఒద్దంటారు, ఇదేటి బాబూ" అన్నాడు. డాక్టరు గారు కూర్చోబెట్టి చెప్పారు: సెప్టిక్ షాక్‌లో ఉన్న 998 మంది మీద 2014లో చేసిన అధ్యయనంలో, హిమోగ్లోబిన్ 7 వరకు ఆగి రక్తం ఎక్కించిన వారిలో 90 రోజుల మరణాలు 43 శాతం, 9 ఉన్నప్పుడే ఎక్కించిన వారిలో 45 శాతం, అంటే తొందరపడినందువల్ల ఒరిగిందేమీ లేదు, రెండు యూనిట్ల రక్తం మాత్రం ఖర్చవుతుంది, ఆ రక్తం రాత్రికి ప్రసవంలో రక్తస్రావమయ్యే ఒక తల్లికి కావలసి రావచ్చు. మావయ్యకు అంకెలు పట్టలేదు, ఆ చివరి మాట పట్టింది. కుర్రాళ్లిద్దరూ రక్తనిధిలో వేరే అవసరానికి రక్తం ఇచ్చి, టీ తాగి వెళ్లారు. రక్తం ఎక్కించకుండానే పదిహేను రోజుల తరువాత అమ్మ హిమోగ్లోబిన్ 9.1 ఉంది.

ఆక్సిజన్ కూడా అంతే. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 99 చూపిస్తుంటే మేమంతా సంతోషపడుతున్నాం, సిస్టర్ వచ్చి ఆక్సిజన్ తగ్గించింది. 16,037 మంది రోగుల మీద జరిగిన 25 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో, అవసరానికి మించి ఆక్సిజన్ ఇచ్చిన వారిలో మరణాలు ఎక్కువగా ఉన్నాయి. 92 నుంచి 96 మధ్య ఉంటే చాలని ఆ కాగితంలో ఉంది. కంగారుపడే బంధువులకు ముందే ఒక మాట చెప్పి తగ్గిస్తే బాగుండేది.

మెడలో పైపు వేసేటప్పుడు జరిగింది నేను ఎవరికి చెప్పినా నమ్మడం లేదు. డ్యూటీ డాక్టరు, పొడుగాటి కుర్రాడు, చేతులు కడుక్కుని, గ్లవుజులు తొడుక్కుని, గౌను వేసుకోకుండానే సూది అందుకోబోయాడు. ట్రాలీ పక్కన నిలబడ్డ సిస్టర్, ఆయనకంటే వయసులో ఐదేళ్లు చిన్నదై ఉంటుంది, "సార్, గౌను" అంది. ఆయన "ఒక్క నిమిషంలో అయిపోతుంది సిస్టర్" అన్నాడు. ఆమె ట్రాలీని రెండడుగులు వెనక్కి లాగి నిలబడింది, ఇంకేమీ మాట్లాడలేదు. ఆయన వెళ్లి గౌను వేసుకొచ్చాడు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 103 ఐసీయూల్లో చేసిన పని గురించి 2006లో ప్రచురించారు: చేతులు కడగడం, గౌను, గ్లవుజులు, మాస్కులతో పూర్తిగా కప్పుకోవడం, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ పూత, వీలైనంతవరకు తొడ నరం వాడకపోవడం, అక్కర తీరిన పైపును వెంటనే తీసేయడం, ఈ ఐదూ తప్పకుండా చేయించి, తప్పితే ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. రోగుల ఒంట్లో పైపు ఉన్న ప్రతి వెయ్యి రోజులకు సగటున 7.7 ఉన్న రక్త ఇన్‌ఫెక్షన్లు ఏడాదిన్నర నాటికి 1.4కు తగ్గాయి. ఆ ఐదింటిలో కొత్త మందు ఒక్కటీ లేదు. నా ఉద్యోగజీవితంలో డాక్టరు చేతిని ఆపే ధైర్యం నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనూ తెచ్చుకోలేదు. ట్రాలీ వెనక్కి లాగిన ఆ పిల్లకు ఆ ధైర్యం ఇచ్చిన యాజమాన్యానికి, ఇతర విషయాల్లో ఎంత కోపం ఉన్నా, చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

నర్సునని తెలిశాక ఇన్‌చార్జి సిస్టర్ నన్ను గురువారం మధ్యాహ్నం వాళ్ల సమావేశానికి రమ్మన్నారు. స్టోరు పక్కన ఇరుకు గదిలో డాక్టర్లూ సిస్టర్లూ కలిసి పదకొండు మంది కూర్చున్నారు. వారానికి ఒకరు ఒక అధ్యయనాన్ని చదివి వచ్చి తెలుగులో చెప్పాలి. బోర్డు మీద మూడు ప్రశ్నలు ఎప్పటికీ చెరపకుండా ఉంటాయట: ఎవరి మీద చేశారు, మన రోగులు వాళ్లలాంటి వారేనా, రేపటి నుంచి ఏది మానాలి ఏది మొదలుపెట్టాలి. ఆ రోజు పురుగుమందు విషం గురించి మాట్లాడారు. అమ్మకు రెండు మంచాల అవతల, పొలానికి కొట్టే మందు లోపలికి వెళ్లిన కుర్రాడు వెంటిలేటరు మీద ఉన్నాడు, వాళ్లమ్మ మెట్ల మీద కూర్చుని ఉండేది. 2012లో బంగ్లాదేశ్‌లో 156 మంది మీద చేసిన అధ్యయనాన్ని ఒక డాక్టరు చెప్పారు. ఆ విషానికి విరుగుడైన అట్రోపిన్‌ను పాత పద్ధతిలో ఒకే మోతాదులో మళ్లీ మళ్లీ ఇవ్వడానికి బదులు, ఐదేసి నిమిషాలకు మోతాదును రెట్టింపు చేస్తూ ఛాతీలో గురగుర పోయేదాకా ఇచ్చి, తరువాత డ్రిప్పుగా కొనసాగిస్తే, మందు పూర్తిగా పట్టడానికి సగటున 152 నిమిషాలకు బదులు 24 నిమిషాలే పట్టింది, మరణాలు 22.5 శాతం నుంచి 8 శాతానికి తగ్గాయి. ఈ ఒక్క కాగితాన్ని ఐరోపా నుంచి వచ్చే పది కాగితాలకంటే తాను ఎక్కువ నమ్ముతానని ఆ డాక్టరు అన్నారు, అదే విషం, అలాంటి పల్లెలు, అలాంటి వార్డు కనుక. ఆ మాట నాకు బాగా తగిలింది.

అప్పుడు రాత్రి డ్యూటీ సిస్టర్ ఒకరు లేచి, ఐదేసి నిమిషాలకు డోసు మార్చాలంటే అరగంటపాటు ఒక మనిషి ఆ మంచం కదలకుండా ఉండాలని, రాత్రి ఇద్దరం ఉన్నప్పుడు మిగతా పదకొండు మంచాలూ ఎవరు చూస్తారని అడిగారు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి అలాంటి కేసు వస్తే వార్డు నుంచి ఒక సిస్టర్ అరగంట పైకి రావాలని, వార్డు ఇన్‌చార్జితో అప్పటికప్పుడే ఫోనులో మాట్లాడి ఒప్పించి, మినిట్సు పుస్తకంలో రాశారు. పరిశోధన ఆసుపత్రిలోకి రావడమంటే ఆ ఫోను దాకా రావడమే. శ్రీలంకలో 4,632 మంది మీద చేసి 2008లో ప్రచురించిన, లాభం లేదని తేల్చిన అధ్యయనం చూసి, విషం మింగిన వారికి బొగ్గుపొడిని పదేపదే పట్టించడం ఈ ఐసీయూలో ఎప్పుడో మానేశారని కూడా అక్కడే తెలిసింది. ఆ కుర్రాడు మేము వెళ్లేనాటికి వెంటిలేటరు నుంచి బయటపడి, వాళ్లమ్మ చేత్తో గంజి తాగుతున్నాడు.

ఇంత చేసినవారు అమ్మ మతి విషయంలో మాత్రం నన్ను నిరాశపరిచారు. నాలుగో రాత్రి అమ్మకు తికమక ఎక్కువై, "ఆవుకి కుడితి ఎట్టినారా లేదా" అని కేకలు వేస్తూ చేతిలోని సూది లాగేసుకోబోయింది. ఆమె కళ్లజోడూ, చెవి మిషనూ చేరిన రోజే తీసి నా చేతికిచ్చారు; నాలుగు రోజులుగా అవి కింద హాలులో నా సంచిలోనే ఉన్నాయి. కనిపించక, వినిపించక, పగలో రాత్రో తెలియని దీపాల కింద, రోజుకు రెండుసార్లు పది నిమిషాలు మాత్రమే మనవాళ్ల ముఖం కనిపించే చోట ఎవరికైనా మతి చెదురుతుంది. రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టరు ఆమెను శాంతింపజేయడానికి హాలోపెరిడాల్ అనే ఇంజెక్షన్ ఇప్పించారు. ఐసీయూలో వచ్చే ఈ మతి చెదరడాన్ని, అంటే డెలీరియంను, ఆ మందు తగ్గించదని 566 మంది మీద చేసిన అధ్యయనం 2018లోనే తేల్చింది. తెల్లవారాక అమ్మ మరింత మగతగా ఉంది. ఆ రోజు నేను పట్టుబట్టి కళ్లజోడు పెట్టించి, చెవి మిషను తగిలించి, మంచం పక్కన అరగంట కూర్చున్నాను. సాయంత్రానికి నన్ను పేరుపెట్టి పిలిచింది. ఇంజెక్షన్ ప్రభావం తగ్గడం వల్లనా, కళ్లజోడు వల్లనా అని ఎవరైనా అడిగితే ఒక్క మనిషిని చూసి చెప్పలేనని ఒప్పుకుంటాను. అయినా డబ్బు ఖర్చులేని, హాని లేని పని ముందు చేసి చూడవలసింది. పన్నెండు వరుసల పసుపు కాగితంలో మతికి ఒక్క వరుస కూడా లేదు.

సందర్శన వేళల గురించి కూడా న్యాయంగా చెప్పాలి. బ్రెజిల్‌లో 36 ఐసీయూల్లో బంధువులను రోజుకు 12 గంటల వరకు ఉండనిచ్చి చూసిన అధ్యయనం 2019లో వచ్చింది; దానివల్ల డెలీరియం చెప్పుకోదగినంతగా తగ్గలేదు, కానీ ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు, బంధువుల్లో ఆందోళన, దిగులు తగ్గాయి. కాబట్టి ఇన్‌ఫెక్షన్ వస్తుందని చెప్పి పది నిమిషాలకే బయటికి పంపడం మాత్రం వాళ్ల సొంత పద్ధతికే విరుద్ధం.

కల్చరులో ఇ.కోలై సూక్ష్మజీవి వచ్చింది. యాంటీబయాటిక్‌ను సరిగ్గా ఏడో రోజు ఆపేశారు. పద్నాలుగు రోజులు వాడకపోతే తిరగబెడుతుందని మా పిన్ని భయపడింది. రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉన్న 3,608 మంది మీద చేసిన అధ్యయనం 2024లో వచ్చిందని, ఏడు రోజులు వాడిన వారిలో 90 రోజుల మరణాలు 14.5 శాతం, పద్నాలుగు రోజులు వాడిన వారిలో 16.1 శాతం ఉన్నాయని, అంటే ఏడు రోజులు ఏమాత్రం తీసిపోవని సిస్టర్ గారే చెప్పారు, డాక్టరు కాదు. మందులు అమ్ముకుంటే లాభం వచ్చే ఆసుపత్రి వారం మందును తానే తగ్గించడం గమనించాలి.

మొత్తం బిల్లు 2,14,000 రూపాయలు అయింది, ప్రతి వస్తువూ విడివిడిగా రాసి ఇచ్చారు, అడిగితే విసుక్కోకుండా చెప్పారు. కింది హాలులో రాత్రి మంచినీళ్లు ఉండవు, ఫ్యాన్లు రెండే తిరుగుతాయి, మరుగుదొడ్డి బాగా లేదు. రోగి కళ్లజోడు, చెవి మిషను, పళ్ల సెట్టు సంచిలో పెట్టుకోకుండా సిస్టర్ చేతికిచ్చి, తగిలించమని గట్టిగా అడగండి. తెల్లవారుజామున వెళ్లేటట్లయితే అడ్వాన్సు డబ్బుతో ఒక మనిషిని నేరుగా మందుల కౌంటరుకు పంపి, ఒకరు రోగితో లోపలికి వెళ్లండి.

పదిహేను రోజుల తరువాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, ఈ లోపాలన్నీ గంటలతో సహా రాసిన ఉత్తరం పెద్ద డాక్టరు గారికి ఇచ్చాను. ఆయన నా ముందే పూర్తిగా చదివి, 85 నిమిషాలన్న చోట పెన్నుతో గీత గీసుకున్నారు. మరో రెండు వారాలకు అమ్మ కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్షకు మళ్లీ వెళ్లాం. క్యాజువాలిటీలో గోడకు కొత్తగా ఒక చిన్న బీరువా ఉంది, అందులో మూడు రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదటి డోసు కోసం ఉన్నాయి, రసీదు తరువాత చూసుకుంటారు. పసుపు కాగితంలో పదమూడో వరుస చేరింది, కళ్లజోడు, చెవి మిషను పెట్టారా అని. ఎందుకన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది, ఆ గురువారం చర్చించి నింపుతామన్నారు. సందర్శన వేళలు మారలేదు, ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలే.